బసవపున్నయ్య గారి టర్బో ఆయాసం

చల్లపల్లి బసవపున్నయ్య గారు తన జీపు ఇంజన్ని కొన్ననాటి నుంచి ఇవాళ్టి దాకా ఒక్కసారి కూడా ఆపలేదు. సరే, మరీ అంత కాదు. రాత్రిళ్లు ఆపుతారు. డీజిల్ కొట్టించేటప్పుడూ ఆపుతారు, బంకువాళ్లు ఊరుకోరు గనక. కానీ ఆపడానికి ఆయన చేసే తాత్సారం చూసినవాళ్లెవరూ పై మాటను అబద్ధమనరు.

సంగతేమిటంటే అది టర్బో ఇంజన్. బండి నిలిచాక కూడా లోపల టర్బో చక్రం గిర్రున తిరుగుతూనే ఉంటుందట. టక్కున ఆపేస్తే నూనె అందక మాడిపోతుందట. అందుకని బండి నిలిపాక ఇంజన్ని కాసేపు మెల్లగా తిరగనిచ్చి, చల్లబడ్డాకే తాళం తిప్పాలి. బండి అమ్మినవాడు ఈ మాట కొన్నవాళ్లందరికీ చెప్పాడు. అందరూ విని మర్చిపోయారు. బసవపున్నయ్య గారు వ్రతం పట్టారు.

ఆ వ్రతఫలం అనుభవించింది మాత్రం ఆయన భార్య సంపూర్ణమ్మ. బెజవాడలో ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లినా పాపం ఆవిడ తాళి కట్టడం చూసింది లేదు.

"ఏవండీ, మేళం మోగుతోంది. దిగనా?"

"కూర్చో సంపూర్ణా. ఇలా వదిలేసి పోతే అదేమనుకుంటుంది?"

"ఎవరు?"

"టర్బో. ఆయాసపడుతోంది, వినపడ్డం లేదూ?"

ఆవిడకు వినపడేది గట్టిమేళం ఒక్కటే. ఇంతలో మండపం వాచ్‌మన్ వచ్చి అద్దం మీద కొట్టేవాడు. "సార్, ఇంజన్ ఆపండి. పొగంతా లోపలికి పోతోంది."

"ఆగవయ్యా. నువ్వు పరిగెత్తుకొచ్చి ఆ ఊపు మీదే నిద్రపోగలవా?"

వాచ్‌మన్ నిజంగానే ఆలోచనలో పడేవాడు. వీళ్లు లోపలికి వెళ్లేసరికి ఆఖరి బంతి లేస్తుండేది.

ఇంతకీ అది కొండలూ గుట్టలూ ఎక్కడానికి పుట్టిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. చల్లపల్లి చుట్టూ కనుచూపు మేర వరిచేలే తప్ప మోకాలెత్తు గుట్ట కూడా లేదు. ఆ లోటు ఇంజన్ ఎక్కడ మనసులో పెట్టుకుంటుందోనని ఏటా కొండపల్లి తీసుకెళ్లి కొండ చూపించుకొచ్చేవారు. సంపూర్ణమ్మ బొమ్మలు కొనుక్కొచ్చేసరికి ఆయన బానెట్ మీద చెయ్యేసి కొండకేసి చూస్తూ నిలబడి ఉండేవారు, పిల్లకు సంబంధం చూడ్డానికి వచ్చినట్టు.

హనుమాన్ జంక్షన్ టీకొట్టు దగ్గర లారీ డ్రైవర్లంతా ఆయన శ్రోతలు. "ఏటి నీళ్లలో నడిచింది, పీకల్లోతు బురదలో నడిచింది. ఆగిందా? నా గుండె ఆగితే ఆగొచ్చు గానీ, అది ఆగదు."

"అయితే గుండెకి కూడా టర్బో పెట్టించండి బాబాయ్" అన్నాడొకడు.

అందరూ నవ్వారు. ఆయనొక్కరే నవ్వలేదు. ఆ ఆలోచన ఆయనకు నచ్చినట్టే ఉంది.

ఈ గొప్పలు విన్న జయపాల్ ఆగస్టులో ఇంటికి వచ్చాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, పక్క పాలెంలో మరియమాత పండుగ కమిటీకి కార్యదర్శి, మెడలో ఎప్పుడూ విజిల్. కిందటేడు తేరును ట్రాక్టరుతో లాగించారు. ప్రతి ఇంటి ముందూ ఆపుకుంటూ పోతే వాన కమ్మేసి, నల్లరేగడిలో ట్రాక్టరూ తేరూ రెండూ దిగబడ్డాయి. మాత విగ్రహాన్ని జనం భుజాల మీద గుడికి చేర్చాల్సివచ్చింది.

"ఈసారి మీ జీపే లాగాలి బాబాయ్. ఏ ఇంటి ముందూ ఆగకూడదు. ఒకరికి ఆపితే అందరికీ ఆపాలి."

"నా ఇంజన్‌కి ఆగడం తెలిస్తేగా!"

గుమ్మంలో నిలబడ్డ సంపూర్ణమ్మ ఊరుకోలేదు. "మరి అమలమ్మ సంగతేంటి జయపాల్? ఏటా మాతకు దండ వేసేది ఆవిడేగా. తుంటి విరిగి మంచంలో ఉండి కూడా దండ కట్టుకుని కూర్చుంది. తన చేత్తో వెయ్యాలంటోంది."

జయపాల్ తల దించుకున్నాడు. "దండ ఎవరిచేతైనా పంపమనండి పిన్నిగారూ. వాళ్ల ఇంటి ముందే బురద ఎక్కువ."

"రూల్ అంటే రూల్" అన్నారు బసవపున్నయ్య గారు. ఆ రోజు ఆయనకు ఉప్పు లేని పప్పు వడ్డించింది సంపూర్ణమ్మ. ఆయన టర్బో గురించి మాట్లాడుతూ తినేశారు.

పండుగ సాయంత్రం మబ్బు పట్టింది. మొగుడి మీద కోపమున్నా తేరు చూడాలని సంపూర్ణమ్మ ముందు సీట్లోనే కూర్చుంది. జీపు లో గేర్‌లో గుర్రుమంటూ బురదను చీల్చుకుపోతోంది. వెనక తేరు, దాని వెనక పాటలు, పక్కన విజిల్ ఊదుకుంటూ జయపాల్. అమలమ్మ గుమ్మంలో నులకమంచం వేశారు. ముసలావిడ ఒళ్లో దండ పెట్టుకుని మెడ చాచి చూస్తోంది.

సరిగ్గా ఆ గుమ్మం ఎదురుగా ఇంజన్ టక్కున ఆగిపోయింది.

విజిల్ జయపాల్ నోట్లోంచి జారిపోయింది. "ఏమైంది బాబాయ్?"

"ఆగిపోయింది."

"మీ ఇంజనా?"

"ఇంజనేగా అబ్బాయ్, ఇనుమే కదా."

ఆయన దిగి బురదలో నిలబడి బానెట్ ఎత్తి, లోపలికి చూస్తూ ఉండిపోయారు. జనం గొల్లున నవ్వారు. పున్నయ్య గారి ఇంజన్ ఆగిందన్న కబురు తేరుకంటే ముందు చల్లపల్లి సెంటర్ చేరింది. ఈ లోపల ఎవరూ చెప్పకుండానే నలుగురు మంచాన్ని ఎత్తి తేరు దగ్గరికి తెచ్చారు. అమలమ్మ తన చేతుల్తోనే మాత పాదాలకు దండ చుట్టింది. పాట కూడా ఎత్తుకుంది. గొంతు లేదు గానీ చరణాలన్నీ పాడింది. ఆయన బానెట్ కింద ఏదో బిగిస్తూనే ఉన్నారు. చేతిలో పానా లేదు.

"చాలు పున్నయ్య బాబూ" అంది అమలమ్మ కళ్లు తుడుచుకుని.

బానెట్ దబ్బున పడింది. దిగబడ్డ చక్రాలతో, వెనక తేరు బరువుతో, తాళం తిప్పగానే ఇంజన్ గర్జించి, ఒక్క ఊపులో బురదలోంచి బయటపడింది. జయపాల్ ఆయన వైపు చాలాసేపు చూసి, విజిల్ తుడుచుకుని మళ్లీ ఊదాడు.

ఇంటికొచ్చాక ఇంజన్ మామూలుకంటే రెండింతలసేపు తిరిగింది. బసవపున్నయ్య గారు స్టీరింగ్‌ను నిమురుతూ కూర్చున్నారు, కొట్టిన పిల్లను బుజ్జగిస్తున్నట్టు.

"నేను చూశానండీ" అంది సంపూర్ణమ్మ. "మీరే తాళం తిప్పి ఆపారు. చల్లబడనివ్వకుండా, టక్కున."

"చెమట తుడుచుకున్నాను."

"తాళానికా?"

అంతలో గేటు దగ్గరికి జయపాల్ వచ్చాడు. "బాబాయ్, వచ్చే ఏడాదికి ఆగని బండి చూద్దామంటున్నారు కమిటీవాళ్లు. నేను కుదరదన్నాను. అమలమ్మ ఇంటి ముందు ఆగే బండే కావాలన్నాను."

"పోనీ దీన్ని అమ్మేసి నమ్మకమైన బండి కొందామా?" అంది సంపూర్ణమ్మ అమాయకంగా.

ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. ఆయన మొహం ఎర్రబడింది, ఇంజన్‌ని వెనకేసుకు రాబోయి ఆగారు. భార్యనూ జయపాల్‌నూ చూసి గొంతు సవరించుకున్నారు.

"మీరనుకునేదేమీ జరగలేదు. నేను తాళం ముట్టుకోనే లేదు. ఇంజన్ పాతబడింది, దానంతటదే ఆగింది. అంతే! ఇక ఇద్దరూ గట్టిగా మాట్లాడకండి, టర్బోకి వినపడుతుంది."