బుసకు బెదిరిన గొర్రెలు

బండి ఎక్కే ముందు బీరన్న ఒక పని చేస్తాడు. ట్రైలరు కిందికి దూరి, బ్రేకు వాల్వు అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర అరచెయ్యి పెడతాడు. పైన యోహాను బ్రేకు తొక్కి వదులుతాడు. బుస్సుమని గాలి వచ్చి చేతికి తగిలితేనే బీరన్న బయటికి వచ్చి తువ్వాల దులుపుకుంటాడు.

"ఏందే బీరన్నా, ట్రైలరు నాడి చూస్తున్నవా?" అని తోటి డ్రైవర్లు నవ్వుతారు. బీరన్న కూడా నవ్వుతాడు. యోహాను మాత్రం నవ్వడు.

బీరన్నది రామన్నపేట దగ్గరి పల్లె. గొర్రెలు కాసే కురుమల ఇల్లు. నాయిన పోయాక మందను తల్లి బక్కమ్మే కాసింది. కృష్ణ మీద ఆనకట్ట పని మొదలైనప్పుడు బీరన్న రాళ్లు మొయ్యడానికి పోయాడు. తరువాత లారీలు కడిగాడు, పానాలు అందించాడు, చూసి చూసి స్టీరింగు పట్టాడు. చివరికి బరువైన మిషన్లు మోసే పెద్ద ట్రైలరు అతని చేతికొచ్చింది. దానికి హవా బ్రేకులు. తొక్కితే టాంకీలోని గాలి పైపుల్లోంచి పోయి చక్రాలను బిగబడుతుంది. వదిలితే ఆ గాలి వాల్వు కింది రంధ్రంలోంచి బయటపడి చక్రాలు వదులవుతాయి. యోహాను ఆ బండికి క్లీనరు. వయసులో పెద్దవాడే అయినా స్టీరింగు మీద ఆశ లేనివాడు.

ట్రైలరు కింద చెయ్యి పెట్టి చూసే అలవాటు అప్పటికింకా లేదు. అరవై ఆరు ఎండాకాలానికి ఆ పల్లెలో బావులు అడుగంటాయి. అంతకు ముందు ఏడు కూడా వాన సరిగా లేదు. మందలో సగం గొర్రెలు సూడివి, ఈనడానికి దగ్గరపడ్డవి. నడిపించుకుని నది దాకా పోదామంటే నాలుగు అడుగులకే కూలబడుతున్నాయి. అప్పుడే బీరన్న ఒక చెడిపోయిన మిషన్ను పట్నంలో దించి ఖాళీగా తిరిగొస్తున్నాడు. మేస్త్రిని ముందే బతిమాలుకున్నాడు కాబట్టి బండిని పల్లెకు మళ్లించి, ట్రైలరు చుట్టూ గుంజలు నిలిపి, మంద వల కట్టి, గొర్రెలన్నిటినీ ఎక్కించాడు. కృష్ణ ఒడ్డుకు చేరితే నీళ్లుంటాయి, ఇంత పచ్చిక ఉంటుంది. ఆ మంద తప్ప బక్కమ్మకు ఇంకేమీ లేదు.

బండి కదిలేటప్పుడు బ్రేకు వదలగానే కింద నుంచి బుస్సుమంది. గొర్రెలు ఒకదానిమీద ఒకటి ఎగిరిపడ్డాయి. వల మీద పడ్డ ఒక సూడి గొర్రెకు అక్కడికక్కడే కడుపు జారింది.

"కొడకా, నీ బండి కింద పామున్నదారా?" అంది బక్కమ్మ.

"పాము గాదమ్మా, గాలి. బ్రేకు వదిలినప్పుడల్లా గట్లనే అంటది."

"గట్లంటే ఎట్ల? నది చేరేలోపల అన్నిటికీ కడుపులు జారుతయి."

"పెద్దమ్మా, మీ పొట్టేలు బుసకొట్టదా? ఇది మా పొట్టేలనుకో" అన్నాడు యోహాను.

"మా పొట్టేలు ఎనుకకెల్లి బుసకొట్టదు బిడ్డా."

యోహాను పగలబడి నవ్వాడు. బక్కమ్మ నవ్వలేదు. గొర్రెల మధ్యనే కూర్చుంటానని ట్రైలరెక్కింది.

నార్కట్‌పల్లిలో వాళ్లిద్దరూ రేడియేటరుకు నీళ్ల కోసం పోయారు. బక్కమ్మ కిందికి దిగింది. మందను పరాయి చేన్ల పక్కనుంచి చప్పుడు లేకుండా దాటించాలంటే గొర్లకాపర్లు ముందు నడిచే పొట్టేలు మెడగంటలో ఉన్ని కుక్కుతారు. గంట మూగబోతుంది, మంద సాగిపోతుంది. బక్కమ్మ పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని అది. కొంగున ఎప్పుడూ ఉండే ఉన్నిలోంచి పిడికెడు తీసి, మెలిపెట్టి, ట్రైలరు కిందికి పోయి, బుస వచ్చే రంధ్రంలో కదురు పుల్లతో బిగించి కుక్కింది. బీరన్న చూడలేదు. ఆమె చెప్పలేదు. చెప్పాల్సినంత విషయమని ఆమెకు తోచలేదు.

ఆ తరువాత గొర్రెలు బెదరలేదు.

పానగల్ చెరువులో మందకు నీళ్లు తాపుదామనుకున్నారు. అక్కడ చెరువు లేదు, పర్రెలు విచ్చిన మట్టి ఉంది. ఇక మిగిలింది ట్రైలరు ముందు కట్టిన పీపాలో నీళ్లే. "హాలియా దాటినంక తలా ఇంత తాపుదాం" అన్నాడు బీరన్న.

నల్లగొండ దాటాక బండి బరువెక్కింది. ఎవరో వెనక్కి గుంజుతున్నట్టు ఇంజను మూలుగుతోంది. ఎడ్లబండ్లు అడ్డమొచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కుతున్నాడు, తొక్కిన ప్రతిసారీ ట్రైలరు ఇంకొంచెం బిగుసుకుంటోంది. కాలిన వాసన రాగానే ఆపి దిగాడు. డ్రమ్ముల మీద ఉమ్మితే చుయ్యిమంది, అన్ని చక్రాలకూ. పానాతో బ్రేకులు వదులు చేశాడు. కొంత దూరం పోయింది. మళ్లీ పట్టేసింది. మళ్లీ వదులు చేశాడు. ఈసారి రాళ్లగుట్ట ఎక్కుడులో, ఒక్క చెట్టు నీడ లేని చోట, మొత్తానికే నిలబడిపోయింది.

పైన నడినెత్తిన ఎండ, కింద కాలే ఇనుము. గొర్రెలు నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి.

"దించుదామా?" అన్నాడు యోహాను.

"దించితే యాడికి నడుస్తయన్నా? నడవలేకనే గదా ఎక్కించింది."

అంతలో వెనక టైరు నుంచి నల్లటి పొగ లేచింది. యోహాను మట్టి చల్లాడు, ఆగలేదు. టైరు అంటుకుంటే పైనున్న మందంతా కాలిపోతుంది. ముగ్గురూ పీపా వైపు చూశారు.

"అమ్మా, గవి గొర్ల నీళ్లు" అన్నాడు బీరన్న. ఏం చెయ్యాలో అడుగుతున్నాడో, వద్దంటున్నాడో అతనికే తెలియదు.

బక్కమ్మే పీపా వంచింది. నీళ్లు పోసిన చోటల్లా ఆవిరై పోయాయి. పొగ ఆగింది. ఆ తడి వాసనకు గొర్రెలన్నీ ఒక్కసారి వల మీదికి ఒరిగి అరిచాయి. కొంతసేపటికి అరుపులు సన్నబడ్డాయి. మొదటి గొర్రె పడిపోయింది. ఇంకొకటి దాని మీద పడింది.

బీరన్న ట్రైలరు కింద వెల్లకిలా పడుకుని తనలో తను మాట్లాడుకున్నాడు. "ఒక్క చక్రం పడితే గా చక్రం రోగం. అన్ని పట్టినయంటే రోగం యాడనో పైనున్నది." ఒక చక్రం పైపు కొద్దిగా వదులు చేశాడు. గాలి చివ్వున చిమ్మింది. తొక్కని బ్రేకులో ఇంత గాలి ఎందుకుంది?

పైపు బిగించి అరిచాడు. "అన్నా, తొక్కు! ఇగ వదులు!"

"వదిలిన!"

"వదిలినవా, లేదా?"

"యేసయ్య తోడు, వదిలిన తమ్మీ!"

బుస లేదు. నార్కట్‌పల్లి నుంచి తాను బుస వినలేదని బీరన్నకు అప్పుడు తట్టింది. వాల్వు కింద వేలు పెట్టి చూశాడు. మెత్తగా తగిలింది. కొస పట్టి లాగితే దుమ్ముతో కలిసి గాలి ముఖాన కొట్టింది, చక్రాలు కటకటమంటూ వదిలాయి. చేతిలో నల్ల ఉన్ని.

బయటికొచ్చేసరికి బక్కమ్మ ఎదురుగా ఉంది. చెయ్యి చాచి ఆ ఉన్నిని తీసుకుంది.

"గిది నాది" అంది. "బెదురుతున్నయని పెట్టిన. పొట్టేలు గంటకు పెట్టినట్టే పెట్టిన కొడకా."

యోహాను ఖాళీ పీపా వైపు చూశాడు.

"నీళ్లు గూడ నేనే పోసిన" అంది బక్కమ్మ.

"ఎక్కమ్మా" అన్నాడు బీరన్న.

నది ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలింది. ఆపి, ఇంజను కట్టేసి, వల విప్పారు. గొర్రెలు ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. ఏది ప్రాణంతో ఉందో, ఏది పోయిందో తెలియడం లేదు. ఒడ్డు నిటారుగా ఉంది. మోసుకుని దించాల్సింది ముగ్గురే. చచ్చినదాన్ని మోస్తూ ఉంటే బతికింది చస్తుంది.

బీరన్న క్యాబిన్‌లోకి పోయి, బండి జారకుండా బ్రేకు సరిచూసుకోవడానికి ఒకసారి తొక్కి వదిలాడు. బుస్సుమంది. వల దగ్గరున్న బక్కమ్మకు ఒక గొర్రె చెవి కదిలినట్టు కనిపించింది.

"కొడకా, ఇంకోసారి వదులు!"

"ఎందుకమ్మా?"

"వదులురా! బెదిరినయి బతికున్నట్టు."

వదిలాడు. "గదిగో, గా బొల్లిది! యోహానూ, ఎత్తు బిడ్డా!" యోహాను భుజాన వేసుకుని పరుగెత్తాడు. మళ్లీ బుస. "గా నల్లదాని కాలు కదిలింది!" ఆమె తానే ఎత్తుకుని జారుతూ దిగింది. ప్రతి బుసకూ ఏదో ఒకటి ఉలిక్కిపడింది. ప్రతిదాని నోటికీ నీళ్లు తగిలాయి. దించుతున్న కొద్దీ ఉలికిపాట్లు తగ్గాయి. ఒక బుసకు ఏదీ కదలలేదు.

ట్రైలరు మీద ఇంకా సగం మంద ఉంది.

"ఇంకోసారి" అంది బక్కమ్మ.

కదలలేదు.

"ఇంకోసారి కొడకా."

టాంకీలో గాలి అయిపోయేదాకా బీరన్న తొక్కి వదులుతూనే ఉన్నాడు.