సింగయ్య అడిగిన మూడో మనిషి

పేరాల చీరల వ్యాపారుల తగవులు ముప్పై ఏళ్లుగా సింగయ్య అరుగు మీదే తీరేవి. 1971లో మస్తాన్‌రావు, జమలయ్య ఒక చీర అంచు నమూనా తనదంటే తనదని బాపట్ల కోర్టుకు సిద్ధమయ్యారు. సింగయ్య ఇద్దరినీ పిలిపించాడు.

"మగ్గమెక్కి నేసి చూపించినవాడిదే అంచు," అన్నాడు.

ఇద్దరికీ నేయడం రాదు.

"మాకు కృష్ణవేణి నేసిందండి," అన్నాడు మస్తాన్‌రావు.

"మాకూ ఆవిడేనండి," అన్నాడు జమలయ్య.

సింగయ్య ఆమెకు కబురు పెట్టాడు.

"నువ్వేమంటావమ్మా?"

"ఇంతదాకా నన్నెవరూ అడగలేదు బాబాయ్," అంది కృష్ణవేణి. "ఇద్దర్నీ అమ్ముకోమనండి. నా పేరు చెప్పి అమ్మమనండి."

అదే తీర్పయింది. వ్యాపారులిద్దరూ ఒప్పుకున్నారు. ఇన్నేళ్లలో నేసినవాళ్లను ఒక్కసారీ పిలవలేదని సింగయ్య చాలా నొచ్చుకున్నాడు. ఆ తర్వాత ఏ తగువొచ్చినా వాళ్లనే ముందు కూర్చోబెట్టేవాడు.