సుజాత తెచ్చిన శనక్కాయలు

గుడివాడ బస్టాండులో ఉడకబెట్టిన శనక్కాయల వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మన బ్యాచ్ అందరికీ గుర్తుందా, తొమ్మిదో తరగతిలో మన ఇంగ్లీషు మాస్టారు జెరండుకీ ప్రెజెంట్ పార్టిసిపుల్‌కీ తేడా చెప్పాల్సిన చోటికి రాగానే, "ఇది పరీక్షలో రాదు, వదిలేయండర్రా" అని పేజీ తిప్పేశారు? సాయంత్రం తన ఇంటి అరుగు మీద ట్యూషన్ పిల్లలకు మాత్రం అదే పాఠం వల్లె వేయించారు. నా ప్రాణ స్నేహితురాలు సుజాత ఆ ట్యూషన్‌కే వెళ్ళేది. అక్కడ మాస్టారి భార్య ఇత్తడి పళ్ళెంలో పెట్టే శనక్కాయలు స్కర్టు జేబులో దాచి, వేడి ఆరకముందే నాకు తెచ్చి ఇచ్చేది.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నేను తెల్లమొహం వేశాను, సుజాత చకచకా రాసేసింది.

"నాకొక్క ముక్క చెప్పలేకపోయావా?" అని అడిగాను.

"బయట చెప్పొద్దని మాస్టారు ఒట్టేయించుకున్నారే" అంది, శనక్కాయలు నా చేతిలో పోస్తూ.

నిన్న మన బ్యాచ్ గ్రూపులో మాస్టారికి సన్మానం చేద్దామన్న మాట వచ్చింది. "అందరినీ సమానంగా చూసిన గురువు" అని రాసింది ఎవరో చూశారుగా, సుజాతే.

దాని కింద మీరంతా దండాలు పెట్టారు. ఆ అరుగు ఎక్కనివాళ్ళు కూడా.