పసుప్పచ్చ సున్న

ఆమె సున్నలన్నీ చివర్న వేసేది. పొద్దుట నుంచి అక్షరాలు కుట్టేది. తలకట్లు, గుడులు, కొమ్ములు అన్నీ మిషను మీద గబగబా లాగించేసేది. సాయంత్రం షాపు సర్దే ముందు మాత్రం పెద్ద ఫ్రేము విప్పేసి, అరచేతిలో ఇమిడే చిన్న ఫ్రేము బిగించి, సున్నలున్న పేర్ల స్వెట్టర్లను ఒక్కొక్కటే ఒళ్ళోకి లాక్కుని, చేత్తో సున్నలు చుట్టేది. మిషను మీద సున్న గుండ్రంగా రాదనీ, కోడిగుడ్డులా వస్తుందనీ ఆమె పట్టుదల.

"గుడ్డయితే ఏంటి, గుండ్రమైతే ఏంటక్కా? ఎవరొచ్చి కొలుస్తారు?" అని షాపాయన విసుక్కునేవాడు.

"నీ పేరులో సున్న లేదుగా, నీకేం తెలుస్తుంది" అనేది ఆమె, తల ఎత్తకుండానే.

బడికి ఎదురుగా యూనిఫారాల షాపు అది. ముందుగదిలో, వీధి వైపు అద్దం పక్కన, ఆమె మిషను. పిల్లల స్వెట్టర్లకీ, ఆసుపత్రి కోట్లకీ, ఫ్యాక్టరీ చొక్కాలకీ పేర్లు కుట్టడం ఆమె పని. జేబుకి చీటీ గుచ్చి బట్టలు వచ్చేవి. చీటీ మీది పేరు గుడ్డ మీదికి ఎక్కించి, చీటీ నలిపి పారేసేది. ముప్ఫై ఏళ్ళు అదే. వీధిలో అందరికీ ఆమె పేర్లావిడ. సొంత పేరు ఎవరికీ తెలియదు. ఆమె బట్టల మీద అది కుట్టి లేదు కదా మరి.

చిన్న కూతురి పేరు ఆమెకు ఒక చీటీ మీదే దొరికింది. అప్పుడు ఎనిమిదో నెల. నర్సుల కోట్లు ముప్ఫై వచ్చాయి. ఇరవై తొమ్మిది పేర్లు రోజూ కుట్టేవే, చెయ్యి దానంతటదే తిరిగిపోయింది. ముప్ఫయ్యో చీటీ దగ్గర ఆగింది. రెండే అక్షరాలు, నడుమ ఒక సున్న. అంతవరకూ ఎక్కడా వినని పేరు. ఆ నర్సు ఎవరో, నలుపో తెలుపో, ఆమె చూసింది లేదు. ఆ చీటీని మాత్రం పారెయ్యకుండా చేతిసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. పిల్ల పుట్టాక బయటికి తీసింది.

"ఇదేం పేరే? ఎక్కడా వినలేదు" అన్నాడు భర్త.

"వినలేదనేగా."

"మా అమ్మ పేరు పెడదామనుకున్నాం కదా?"

"అనుకున్నది మీరు. మీ అమ్మ పేరు మీ అమ్మకే నచ్చదు."

మూడు రోజులు మొగుడూ పెళ్ళాలకు మాటల్లేవు. నాలుగో రోజు ఆయనే ఉయ్యాల మీదికి వంగి ఆ పేరు పెట్టి పిలిచాడు. పిల్ల ఆవలించింది. "పలికిందే!" అన్నాడాయన.

ఊరందరి పిల్లల పేర్లూ కుట్టిన మనిషి సొంత పిల్ల పేరు తప్పు కుట్టింది. ఒకటో తరగతి మొదటి రోజున జరిగిందది. ముందు రోజు షాపులో అరవై స్వెట్టర్లకు సున్నలు వేసింది. పిల్లది ఇంట్లో మేకుకు వేలాడుతోంది. అక్షరాలు కుట్టి, సున్న తర్వాత వేద్దామని మరిచిపోయింది. సున్న లేకపోతే అది వేరే మాటవుతుంది, పిల్లలు నవ్వి చచ్చే మాట. సాయంత్రం పిల్ల వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నా సున్న ఏదమ్మా?"

"ఇటియ్యవే, నా తల్లి, ఇప్పుడే వేసేస్తా" అని సూదికి పరుగెత్తింది.

"వద్దు. నా సున్న మా అమ్మ దగ్గర దాచుకున్నానని అందరికీ చెప్పేశాను."

ఏడాదంతా ఆ స్వెట్టరు అలాగే తొడుక్కుంది. లెక్కల పరీక్ష పేపరు ఇచ్చిన రోజున మాత్రం కేకలు పెట్టుకుంటూ వచ్చింది. "అమ్మా, దొరికింది! నీ దగ్గర లేదే, మా టీచర్ దగ్గరుంది!" పేపరు మీద ఎర్ర సిరాతో ఇంత లావు సున్న. తిట్టాలో నవ్వాలో తెలియక ఆమె రెండూ చేసింది.

రెండో తరగతి స్వెట్టరు కుట్టేటప్పుడు పిల్ల మిషను పక్కనే కాపలా కూర్చుంది. "సున్న పసుప్పచ్చ దారంతో వెయ్యి. అప్పుడు మర్చిపోవు." నీలం ఉన్ని మీద తెల్లటి అక్షరాలు, నడుమ పసుప్పచ్చ సున్న. షాపాయనకు అది తెగ నచ్చింది. "అక్కా, అచ్చం ఇలాంటిదే ఇంకోటి కుట్టవా, అద్దంలో వేలాడదీస్తాను" అన్నాడు. కుట్టి ఇచ్చింది.

ఆ చలికాలంలోనే పిల్లకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. ఐదో రోజు ఆమె సున్నలు వెయ్యలేదు. తర్వాత రెండు నెలల దాకా వెయ్యలేదు.

తిరిగి షాపుకు వచ్చిన రోజున షాపాయన అద్దం వైపు చూడకుండా అడిగాడు. "తీసేద్దామా అక్కా?"

"ఉండనీ. నలుగురూ చదువుతారు."

అలా ఉండిపోయింది. రెండేళ్ళకోసారి ఎండకు స్వెట్టరు వెలిసిపోతే, కొత్త స్వెట్టరు తీసుకుని మళ్ళీ అదే పేరు, అదే పసుప్పచ్చ సున్న కుట్టి వేలాడదీసేది. భర్త చనిపోయిన ఏడాది కూడా మానలేదు. పద్దెనిమిదేళ్ళు గడిచాయి.

పెద్ద కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో పేరు అన్న చోట ఖాళీ. శుక్రవారానికల్లా నింపి ఇవ్వాలి. పెద్దదానికి ఆలోచనే లేదు. "చెల్లి పేరే" అంది, కడుపులో ఉన్నప్పటి నుంచీ అంటున్నట్టే.

అల్లుడు బడి బస్సు నడుపుతాడు. నెమ్మదైన మనిషి. అత్తగారి ముందు గొంతు పెంచి ఎరగడు. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని కలం మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాడు.

"మంచి పేరే అత్తయ్యా, కాదనను. కానీ మరీ ఎక్కువైపోయింది. నా ఒక్క బస్సులోనే నలుగురున్నారు. దిగే చోట పేరు పెట్టి పిలిస్తే నలుగురూ లేచి నిలబడతారు. అందుకని కళ్ళజోడుది, పళ్ళూడినది, ఏడుపుది, పెద్దసంచిది అని పిలుచుకుంటున్నాను."

"మనదాన్ని ఏమంటావయ్యా?" అంది ఆమె.

"అదే కదా, మనదానికి ఇప్పటికి జుట్టు కూడా లేదు."

పెద్దది నవ్వలేదు. "అమ్మనడుగు. ఏ పేరు ఎంతమందికుందో ఈ ఊళ్ళో అమ్మ కంటే తెలిసినవాళ్ళెవరు? ఎక్కువంటే ఎక్కువ, లేదంటే లేదు. అమ్మ మాటే."

ఆ విధంగా అది ఆమె నెత్తి మీద పడింది. రేపు చెబుతానంది.

చెప్పాలంటే ఆమెకు ఆ పేరు కావాలి. ఇంట్లో ఆ రెండక్షరాలు పైకి పలికి పద్దెనిమిదేళ్ళయింది. బడి వదిలే వేళకు గేటు దగ్గర ఏ తల్లో ఆ పేరు పెట్టి కేకేస్తే, ఆమె మెడ ఇప్పటికీ అటే తిరుగుతుంది. మిషను ఆగుతుంది. ఏ పిల్లో పరుగెత్తుకొస్తుంది, ఎవరి పిల్లో. ఆ పరుగెత్తుకొచ్చేవాళ్ళలో ఒకత్తి తనదైతే చాలనిపించింది. ఒక్కసారి తిరిగిన మెడ ఊరికే తిరిగి రాకుండా ఉంటే చాలు.

మర్నాడు షాపులో కొత్త స్వెట్టర్ల మూట విప్పింది. బడి తెరిచే రోజులు, ఒకటో తరగతి పిల్లలవే నూట ఇరవై. చీటీలు తిరగేసింది. ఆ పేరు ఒకటి, రెండు... పదకొండు. మళ్ళీ తిరగేసినా పదకొండే. ఒకప్పుడు ముప్ఫై నర్సు కోట్లలో ఒకటి.

"ఏంటక్కా, పేకముక్కల్లా కలుపుతున్నావు?" అన్నాడు షాపాయన.

అంతలో ఒకామె లోపలికొచ్చింది. చంకలో సంచి, చేతిలో చీటీ, పక్కన నోట్లో వేలు పెట్టుకున్న పిల్ల. చీటీ మీద అదే పేరు. పన్నెండు.

"ఇందులో సున్న ఉంది కదండీ, అది మాత్రం పసుప్పచ్చగా వెయ్యాలి. అద్దంలో ఉన్నట్టే."

"అలా ఎందుకమ్మా?"

"ఎందుకేంటండీ, అందులోంచే కదా ఈ పేరు తీసుకున్నది! ఇది కడుపులో ఉన్నప్పుడు రోజూ ఈ బస్టాపులో నిలబడేదాన్ని. నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయేవి. ఎదురుగా ఈ స్వెట్టరు. చదివీ చదివీ నోటికొచ్చేసింది. మా చెల్లెలు కూడా ఇదే పెడతానంటే కొట్టినంత పని చేశాను. ఆ పక్కవీధిలో టైలరు మనవరాలికీ ఇక్కడ చూసే పెట్టారట. ఇంతకీ ఎవరిదండీ ఆ పేరు?"

షాపాయన బిల్లు పుస్తకంలో తల దూర్చేశాడు.

"శాంపిలమ్మా. ఊరికే కుట్టినదే" అంది పేర్లావిడ.

ఆ తల్లి వెళ్ళిపోయాక ఆమె అద్దంలోని స్వెట్టరును వెనక నుంచి అంచు ఎత్తి చూసింది. లోపలి వైపు నుంచి అక్షరాలు తిరగబడి ఉంటాయి, దారాలు పీచుపీచుగా, ముడులతో. సున్న ఒక్కటే ఎటు నుంచి చూసినా సున్న. నలుగురూ చదవాలని తనే వేలాడదీసింది. చదివారు. చదివి, తలా ఒకటి పట్టుకెళ్ళారు. ఎవరిని అనగలదు? తను మాత్రం ఆ నర్సును అడిగి తీసుకుందా?

అయినా మనసు ఒప్పుకోలేదు. పన్నెండు మందికి ఉంటే పదమూడోది తన మనవరాలు. మొదటి హక్కు ఈ ఇంటిది. అదే మాట చెబుదామని మధ్యాహ్నమే పెద్దదాని ఇంటికి బయలుదేరింది.

ఎవరినీ లేపకుండా పెరటి దారిన వెళ్ళింది. బకెట్లో పసిదాని గుడ్డలు నానుతున్నాయి. రాగానే చెయ్యి ఖాళీగా ఉంచే అలవాటు లేదు, కూర్చుని పిండడం మొదలెట్టింది. కిటికీలోంచి అల్లుడి గొంతు వినపడింది.

"నలుగురున్నారన్నది నిజమే. కానీ నా బాధ అది కాదు."

"మరేంటో చెప్పు."

"మీ అమ్మ వాళ్ళింట్లో గోడ మీద మీ చెల్లి ఫోటో ఉంది కదా. ఆ పేరు వింటే నాకు అదే కనబడుతుంది. దీనికి ఆరేళ్ళొస్తాయి, ఏడొస్తాయి. ప్రతి తుమ్ముకీ నేను ఉలిక్కిపడుతూ కూర్చోవాలా? నాకు శకునాలూ గికునాలూ లేవే. భయం, అంతే. పిల్లను పిలవాలంటే భయమైతే ఎలా?"

"ఆ మాట అమ్మకు చెప్పు."

"ఏ నోటితో చెప్పమంటావు? చెబితే ఆమె మొహం చూడగలనా? చాలామందికి ఉందని చెప్పడం తేలిక."

పెరట్లో ఆమె పిండిన గుడ్డనే మళ్ళీ పిండుతూ ఉండిపోయింది. అందులో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. అల్లుడి మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. పెద్దదానికి ఏడో ఏడు వచ్చిందీ వెళ్ళిందీ ఆమెకు గుర్తు లేదు. చిన్నదాని ఏడో ఏడు మాత్రం రోజురోజూ గుర్తుంది. పన్నెండు మంది తల్లులకు ఆ పేరు ఒట్టి పేరు. బస్టాపులో దొరికింది, తేలిక, ముద్దొచ్చేది. ఈ ఇంట్లోనే అది బరువు. అందరికీ పనికొచ్చి తమకే పనికిరాని పేరు.

గుడ్డలు తీగ మీద ఆరేసింది. ముందు వాకిలికి తిరిగి వెళ్ళి, చెప్పులు కాస్త గట్టిగా చప్పుడు చేసి, అప్పుడే వచ్చినట్టు లోపలికి వెళ్ళింది.

"లెక్క చూశాను బాబూ. నువ్వన్నదే నిజం. ఈ ఏడు ఒకటో తరగతిలోనే పన్నెండు మంది. మరీ మామూలైపోయింది. వద్దులే."

అల్లుడు తలెత్తి చూసి, వెంటనే దించుకున్నాడు.

"అమ్మా, నీకిష్టం కదమ్మా ఆ పేరు" అంది పెద్దది.

"ఇష్టమే. అందరికీ ఇష్టమేనే. అదేగా వచ్చిన చిక్కు." పసిదాని పాదాలకు గుడ్డ సర్దింది. "కళ్ళజోడుదీ, పళ్ళూడినదీ ఉండగా దీన్ని బోడిగుండుది అంటాడు మీ ఆయన. నా మనవరాలికి ఆ గతెందుకు?"

అల్లుడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. లేచి వెళ్ళి ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ గ్లాసు ఇచ్చిన తీరు చూసి, తను విన్నట్టు అతనికి తెలిసిపోయిందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. అతనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ.

శుక్రవారం కాగితంలో వేరే పేరు పడింది. నాలుగక్షరాలది, అల్లుడి పిన్ని చెప్పింది. ఏ బస్సులోనూ లేదట. పేర్లావిడ షాపులో కూర్చుని పసిదానికి చిన్న దుప్పటి మీద ఆ పేరు కుట్టింది. సాయంత్రం అలవాటు కొద్దీ పెద్ద ఫ్రేము విప్పి, చిన్నది బిగించి, సూదికి పసుప్పచ్చ దారం ఎక్కించింది. అప్పుడు చూసుకుంది, ఆ పేరులో సున్న లేదు. తర్వాత ఆ దారం వృథా పోకుండా పన్నెండో చీటీ స్వెట్టరు తీసి, దానికి పసుప్పచ్చ సున్న వేసింది.

షాపాయన దుప్పటి చూసి మురిసిపోయాడు. "అబ్బ, ఎంత బాగుందక్కా పేరు! కొత్తగా ఉంది. అద్దంలోది మళ్ళీ వెలిసిపోయింది, ఈసారి ఇది కుట్టి పెడదామా?"

"వద్దు" అంది ఆమె, దుప్పటిని అతని చేతిలోంచి తీసుకుని లోపలి వైపుకు మడుస్తూ. "అద్దంలో పెడితే అందరూ పట్టుకుపోతారు. పాతదే ఉండనీ."

బడి గంట కొట్టారు. గేటు దగ్గర ఎవరో కేకేశారు. ఆమె మెడ తిరిగింది.