కొరకని గింజ

నేను పెళ్లిళ్లకు వంట చేసేవాణ్ణి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ముప్పై ఏళ్లుగా గుండిగలు ఎక్కించి దించుతున్నాను. రాయడమంటే నాకు సామాన్ల చిట్టీ రాయడమే తెలుసు. అందుకని తిప్పి తిప్పి చెప్పకుండా అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పోయిన మాఘంలో, మన్నెగూడ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో, ఐదు వందల మంది వచ్చిన పెళ్లిలో నేను వండిన బగారన్నం ముద్దయింది. పొడిపొడిగా రాలాల్సిన అన్నం గరిటెకు అంటుకుని విస్తట్లోకి దిగనంది.

ఆ పూట నేనేం చేశానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. వంటపాక వెనక్కి పోయి గ్యాస్ సిలిండర్ల మధ్య నిలబడ్డాను. పెళ్లికూతురు తండ్రి వెతుక్కుంటూ వచ్చి, "ఏమైంది తమ్మీ?" అన్నాడు. ఆయన అరిచి ఉంటే బహుశా నిజం చెప్పేవాణ్ణి. మెల్లగా అడిగేసరికి నోటికి ఏదొస్తే అది అనేశాను.

"చిట్టీల పాత బియ్యమని రాసిచ్చిన అన్నా. సేటు కొత్తయి అంటగట్టిండు. నేనేం జేస్త?"

పాత బియ్యానికి ఎసరు ఎక్కువ పోయాలి, కొత్తవాటికి తక్కువ. పాతవాటి లెక్కన కొత్తవాటికి పోస్తే అది అన్నం కాదు, జావ. అందుకే మా పనిలో సంచి విప్పగానే నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరుకుతాం. పాత గింజ టక్కున విరుగుతుంది. కొత్తది పిండి పిండిగా పళ్లకు అంటుకుంటుంది. ఈ పనిలోకి వచ్చిన మొదటి రోజే నేర్పే విద్య ఇది. నేను కొన్ని వందల సార్లు కొరికి ఉంటాను.

సేటంటే మా మార్కెట్లో కిరాణం కొట్టు ఆయన. ఆయనా, పెళ్లికూతురు తండ్రీ చిన్నప్పుడు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. పెళ్లి సామానంతా సేటే దగ్గరుండి తూకం వేసి పంపాడు. అప్పుడు మొదటి బంతిలో తింటున్నాడు. తండ్రి నేరుగా ఆయన ముందుకు పోయి నలుగురిలో కడిగేశాడు. సేటు "చిట్టీల..." అని ఏదో అనబోయాడు. ఈయన వినలేదు. సేటు ఎంగిలి చేత్తోనే లేచి వెళ్లిపోయాడు. నేను సిలిండర్ల సందులోంచి అంతా చూస్తూ నిలబడ్డాను.

ఆ తరువాత నెలలు ఎలా గడిచాయో నాకే తెలియాలి. ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. ఎవరైనా పెళ్లి ఉందని అడిగితే నడుం పట్టేసిందని అబద్ధం. మార్కెట్ వీధి మానేసి చుట్టూ తిరిగి బస్సు డిపో పక్క నుంచి పోయేవాణ్ణి. ఇంట్లో ఇద్దరికి అన్నం పెట్టినా మూత పదిసార్లు తీసి చూసేవాణ్ణి. నా భార్య ఓపిక పట్టీ పట్టీ ఒకరోజు గరిటె లాక్కుంది.

"పావుకిల బియ్యానికి గూడ వణుకుతవేంది? ఏమన్న పెండ్లివారొస్తుండ్రా?"

నాకు మండింది. నీకేం తెలుసు, నా పరువు పోయింది, సేటు నా నోట్లో మట్టి కొట్టాడు అని మళ్లీ మొదలుపెట్టాను. నేను పొయ్యి అంటించడం, నూనె కాగడం, పుదీనా వేయడం, ఎసరు మరగడం, అన్నీ వరసగా చెప్పాను. ఆమె ఉల్లిగడ్డ తరుగుతూ విన్నది. అంతా అయ్యాక తల ఎత్తకుండానే అంది:

"గీ ముచ్చట నాకు మస్తుసార్లు చెప్పినవ్. ఎప్పుడు చెప్పినా పొయ్యి కాడికెల్లే మొదలువెడ్తవ్. సంచి ఇప్పింది ఒక్కనాడు చెప్పలే."

ఆమె మామూలుగానే అన్నది. నేను మాత్రం బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. నిజమే. రోజుకు నాలుగుసార్లు మనసులో ఆ పెళ్లి వండుతున్నాను, ప్రతిసారీ సంచి దగ్గరికి రాగానే పక్కనుంచి దాటేస్తున్నాను. ఆ రోజు మొదటిసారి బలవంతంగా అక్కడ ఆగాను. సంచి మూతి కుట్టిన సుతిలి దారం కోశాను. కుడి భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఉంది. అవతల వేరే పెళ్లివాళ్లు. "మన చెయ్యి వడ్డదంటె ఫికర్ వద్దు" అని వాళ్లకు గొప్పలు పోతున్నాను. మాట్లాడుతూనే సంచి గుమ్మరించాను. నోరు ఖాళీ లేదు. గింజ కొరకలేదు.

అప్పుడే ఇంకో భయం పట్టుకుంది. చిట్టీ రాశాక ఫొటో తీసి పెట్టుకోవడం నాకు అలవాటు. పది నెలలుగా ఆ ఫొటో తెరవలేదు. ఎందుకు తెరవలేదో కూడా నన్ను నేను అడగలేదు. ఫోన్లో వేలితో జరుపుకుంటూ వెతికి చూశాను. నా రాతే. 'సోనా మసూరి, మూడు సంచులు.' పాత అనే మాట ఎక్కడా లేదు. పెద్దది చేసి చూశాను, కింద చూశాను, వెనక ఏమైనా రాశానేమో అని కూడా ఆలోచించాను. లేదు. సేటు అనబోయిన మాట ఇదే.

ఒళ్లు మండిపోయింది, ఈసారి నా మీద నాకే. తప్పు చేసినందుకు కాదు, చెయ్యి తిరిగినవాడికీ తప్పు జరుగుతుంది. ఇన్నాళ్లూ నేను కుమిలిపోయింది అన్నం ముద్దయినందుకని అనుకున్నాను. నన్ను తినేసింది ఆ అబద్ధం.

ఆ రాత్రే నా భార్యకు అంతా చెప్పాను. పెళ్లికూతురు తండ్రికి కూడా చెప్పాలని మర్నాడే బయలుదేరాను. ఆయన ఇల్లు చెరువు అవతల. కట్ట దాకా పోయి వెనక్కి తిరిగాను. రెండోరోజు కూడా అంతే. తిడతాడేమో, నలుగురినీ పిలుస్తాడేమో, ఇక ఈ మండలంలో నాకు పొయ్యి ఉండదేమో అని భయం. మూడోరోజు నా భార్య టిఫిన్ పెట్టకుండా కూర్చుంది. "చెప్పొచ్చినంక తిందువు" అంది. ఆకలి కూడా తోడయ్యేసరికి కట్ట దాటాను.

ఆయన వాకిట్లో బండి తుడుచుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"అన్నా, చిట్టీల పాతయి అని నేను రాయలే. సంచి ఇప్పినప్పుడు కొరికి గూడ సూడలే. నీకు అబద్ధం జెప్పిన. సేటు తప్పేం లేదు."

ఆయన చేతిలో గుడ్డ ఆగింది.  

"పది నెలలాయె" అన్నాడు.

"అవ్ అన్నా."

"ఎండకాలం వాని కొడుకు పెండ్లయింది. నేను పోలే."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ పెళ్లి మళ్లీ జరగదు.  ఆయన గుడ్డ పక్కన పడేసి బండి స్టార్ట్ చేశాడు.

"ఎక్కు."

"ఏడికన్నా?"

"నీకెర్క లేదా?"

దారి పొడుగునా ఏదైనా అడ్డం రావాలని మొక్కుకున్నాను. డిపో దగ్గర ఒక బస్సు వచ్చింది కానీ అది కూడా తొందరగానే తప్పుకుంది. కొట్టు ముందు బండి ఆగేసరికి సేటు ఎవరికో కందిపప్పు తూస్తున్నాడు. మా ఇద్దరినీ చూసి తూకం దగ్గరే చెయ్యి ఆపేశాడు. ఆ బేరం పోయేదాకా మేమిద్దరం పక్కన నిలబడ్డాం.

"నాకు జెప్పింది వీనికి గూడ జెప్పు" అన్నాడు తండ్రి.

చెప్పాను. రెండోసారి ఇంకా కష్టమైంది, ఎందుకంటే ఎంగిలి చేత్తో లేచిన మనిషి కళ్లలోకి చూసి చెప్పాలి. సేటు అంతా విని, పక్కనున్న సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు బియ్యం తీసి నా ముందు పట్టాడు.

"కొత్తయా, పాతయా? చెప్పు."

నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికాను. పిండి పళ్లకు అంటుకుంది.

"కొత్తయి."

"మరి గా దినం పండ్లు ఏడవెట్టినవ్ మాస్టరూ?"

"ఫోన్ల మాట్లాడుతున్న సేటూ" అన్నాను. 

సేటు ఇక నన్ను వదిలేశాడు. మిగిలిన బియ్యం సంచిలో పోసి, చెయ్యి దులుపుకుని, తన స్నేహితుడి వైపు తిరగకుండానే అన్నాడు: "నా కొడుకు పెండ్లిల నువ్వొస్తవని ఆఖరి బంతి దాక సూసిన రా."

తండ్రి తల దించుకున్నాడు. అలాగే కిందికి చూస్తూ, "పెద్దబిడ్డకు కొడుకు వుట్టిండు. ఇరవై ఒకటో దినం చేస్తున్నం. నూరు మందయితరు" అన్నాడు. సేటు స్టూలు జరిపాడు. ఈయన కూర్చున్నాడు. కూర్చున్నాక నా వైపు చూసి, "చిట్టీ రాయ్" అన్నాడు.

నాకు సరిగా వినబడిందో లేదో అనుకున్నాను. సేటు కాగితం, పెన్ను నా ముందుకు తోశాడు.  నూరు మందికి ఎంత బియ్యమో నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి, అప్పుడు వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. మొదటి వరసలో 'పాత బియ్యం' అని రాసి, పాత అన్నదాని కింద రెండు గీతలు గీశాను. సేటు కాగితం తిప్పుకుని చదివి, నా చేతిలో పెన్ను తీసుకుని, మూడో గీత ఆయన గీశాడు.