సంతకం పెట్టని సారు

తొంభైల చివర్లో మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్నాయి. కొత్త పరికరాలు తయారుచేసేవాళ్లకు నిధులిచ్చే సర్కారు ఆఫీసులో నేను గుమాస్తాను. మా సారు దరఖాస్తు చదవకముందే చెప్పులు వేసుకునేవారు. "పోయి చూద్దాం పా" అనేవారు.

ఆ అలవాటు ఆయనకు ఒక విదేశీ సంస్థతో రెండేళ్లు కలిసి పనిచేసినప్పుడు అబ్బింది. వాళ్లు తాకట్టు అడిగేవారు కాదు. షెడ్డుకు వచ్చి పని చూసేవారు. మొదటి నమూనా పాడైతే రెండోదానికీ సాయం చేసేవారు.

ఆ సంస్థతో ఒప్పందం ముగిశాక మన సొంత నిధికి ఒక కమిటీ నియమాలు రాసింది. మొదటి నియమమే ఆస్తి పత్రాలు తాకట్టు పెట్టాలని. మూసాపేటలో కిరాయి షెడ్డులో ఒకావిడ, కరెంటు ఎక్కువ తక్కువైనా మోటారు కాలిపోకుండా కాపాడే పెట్టె తయారుచేసింది. ఆమెకు సెంటు భూమి లేదు. ఆమె దరఖాస్తు తిరస్కరిస్తూ సంతకం పెట్టమని కమిటీవాళ్లు సారుకు చెప్పారు.

"విదేశాల పద్ధతి మన దగ్గర నడవదండీ" అన్నారు కమిటీ పెద్ద.

"వాళ్లు నమ్మింది గూడ మనోళ్లనే గద సార్! పరాయోళ్లు నమ్మంగ లేంది, మనకేం రోగం? నేను పెట్ట" అన్నారు సారు.

పెట్టకపోగా, కారణాలన్నీ ఫైల్లోనే రాశారు. నెల తిరక్కుండా బదిలీ అయ్యారు. ఆ రాత చదివాక, తిరస్కరించే ధైర్యం తర్వాత వచ్చిన అధికారికీ లేకపోయింది. చివరికి ఆ నియమాన్నే కొట్టేశారు; ఆమె దరఖాస్తుకు అడ్డు తొలగింది.

సంబరంగా సారుకు ఫోన్ చేశాను.

"ఆ మూసాపేట ఆమెకు చెప్పినవా?" అన్నారు.

"ఇంకా లేదు సార్."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?" అని ఫోన్ పెట్టేశారు.