చేతిలో చెప్పులు

నైజాం రాజ్యంలో జనం ఎందుకు తిరగబడ్డారో నాకు చిన్నప్పుడే తాతయ్య చెప్పాడు. దొర ఉండే గడి ముందు నుంచి వెళ్ళాలంటే చెప్పులు చేత పట్టుకోవాలట. చెబుతూ కోపంతో ఊగిపోయేవాడు. అక్కణ్ణించి పారిపోయి వచ్చినవాళ్ళకి మొవ్వలో మా ఇంట్లోనే అన్నం పెట్టించాడు. ఆయన మాటలే బందరు కాలేజీలో ఏళ్ళ తరబడి పాఠంగా చెప్పాను.

మొన్న ఎండలో, ఒకప్పుడు మా పొలంలో నాట్లు వేసిన ముసలామె మా ఇంటి ముందు నుంచి ఉత్తకాళ్ళతో వెళ్తోంది. చేతిలో చెప్పులున్నాయి.

"తెగిపోయాయా మామ్మా?" అన్నాను.

"లేదండీ. మీ తాతగారున్నప్పుడు ఇక్కడ తొడుక్కుని నడిస్తే కొట్టించేవారు కదండీ. అలవాటు పోలేదు."

నేనెంత వెర్రిదాన్ని! గడి చూపించడానికి విద్యార్థుల్ని ఏటా బస్సులో తెలంగాణ దాకా తీసుకెళ్ళేదాన్ని. మా గుమ్మం చూపిస్తే సరిపోయేది.